మింట్ వేసుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినా, పాత ల్యాప్‌టాప్‌ను మూలన పడేయకుండా, విండోస్‌కు బదులుగా వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకున్నావని విని ఎంతో సంతోషించాను. నువ్వు వేసుకున్న మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. బడి పాఠాలకు, ప్రశ్నపత్రాలకు అది చక్కగా సరిపోతుంది.

థీములు, రంగుల జోలికి వెళ్లేముందు టైమ్‌షిఫ్ట్ తెరువమ్మా. సిస్టమ్ ఫైళ్లను అది ఉన్నవి ఉన్నట్టు దాస్తుంది. ఏ మార్పు వికటించినా మునుపటి స్థితికి వెళ్లిపోవచ్చు. కంప్యూటర్ తెరుచుకోకపోయినా, మింట్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి అక్కడి నుంచే పాత స్థితిని తెచ్చుకోవచ్చు. ఇలాంటి కాపీలు రెండు మూడు చాలు, ఎక్కువైతే డిస్కు నిండిపోతుంది. అయితే హోమ్ ఫోల్డరులోని నీ సొంత ఫైళ్లను టైమ్‌షిఫ్ట్ తనంతట తాను దాచదు. పిల్లల మార్కుల పట్టికలు అక్కడే ఉంటాయి కాబట్టి వాటిని వారానికోసారి బయటి డిస్కులోకి నువ్వే ఎక్కించుకోవాలి.

విండోస్‌ను కూడా ఉంచుకున్నావు కనుక గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది, కంగారుపడకు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. దీన్ని సరిచేసే కమాండు ఫోనుకు పంపుతాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తప్పకుండా ఆపెయ్యి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా మూతపడదు, దాని డ్రైవులో లినక్స్ నుంచి ఏమీ రాయలేవు.

ఇక నీకు అసలు కావలసింది తెలుగు. సాఫ్ట్‌వేర్ మేనేజరులో ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానికి తోడు తెలుగు కీబోర్డులు ఉండే ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకో. ఇంగ్లిష్ అక్షరాలతో రాసే అలవాటు ఉంది కాబట్టి ఆర్‌టీఎస్ ఎంచుకో. తీరిక దొరికితే నేరుగా తెలుగు అక్షరాల మీటలతో రాసే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని నా గట్టి సలహా, వేళ్లకు శ్రమ తగ్గుతుంది. లిబ్రేఆఫీసులో చాలామందిని విసిగించే చిక్కు ఒకటుంది: ఫాంటు మార్చినా తెలుగు అక్షరాలు మారవు. అక్కడ తెలుగు, హిందీ వంటి లిపులకు ఫాంటు వేరుగా ఉంటుంది. ఆప్షన్లలో భాషల విభాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌ను చేతనం చేసి, అక్షరాల ఫాంటు ఎంచుకునే చోట ఆ లిపుల వరుసలో పోతన గానీ నోటో గానీ పెట్టుకో. ప్రశ్నపత్రం ప్రింటుకు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వు, షాపులో ఆ ఫాంటు లేకపోయినా గుణింతాలు చెదరవు.

ఏదైనా ప్రోగ్రాం మొండికేస్తే దాన్ని మూసి, హోమ్ ఫోల్డరులో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కు. దాగిన ఫోల్డర్లు కనబడతాయి. కాన్ఫిగ్ ఫోల్డరులో ఆ ప్రోగ్రాం పేరున్నదానికి పేరు మార్చి మళ్లీ తెరువు, కొత్తగా వేసినట్టు మొదలవుతుంది. చెరపవద్దు, పేరు మారిస్తే చాలు. తెర బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు. మింట్ తెరను నడిపే సినమన్ మళ్లీ మొదలవుతుంది, తెరిచిన పనులు సాధారణంగా అలాగే ఉంటాయి. సిస్టమ్ మొత్తాన్ని మార్చే అధికారమిచ్చే సుడోతో మొదలయ్యే కమాండు ఎవరిచ్చినా, అది ఏం చేస్తుందో తెలిశాకే అతికించు.

పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉన్నాయన్నావు. అవి ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర ప్రమాణమైన యూనికోడ్ కావు, నేరుగా తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. రెండు ఫైళ్లు నాకు పంపు, మార్చి చూసి మిగతావాటి సంగతి చెబుతాను.

మీ మామయ్య