నౌపడా చిన్న రైలు బల్ల మీద నడుస్తుందా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది టెక్కలి. మా బావమరిది జర్మనీ నుంచి వస్తూ ఒక హెచ్‌ఓ రైలు సెట్టు తెచ్చాడు. ఇంజిన్, మూడు బోగీలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు ఉన్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి బండి ఆగి ఆగి నడుస్తోంది. ఇంకో సంగతి, మన నౌపడా-గుణుపురం చిన్న రైలు మోడల్ చేయాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. ఈ పట్టాల మీదే అది నడుస్తుందా?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: బాబూ, మీ ఉత్తరం నన్ను చిన్నప్పటి రోజుల్లోకి తీసుకుపోయింది. మా అమ్మమ్మగారి ఊరు పాతపట్నం. వేసవి సెలవులకి విజయనగరంలో పెద్ద రైలెక్కి నౌపడాలో దిగి, పక్కనే నిలబడి ఉన్న చిన్న రైల్లోకి మారేవాళ్లం. ఎదురుగా నిలబడి చూస్తే పట్టాలు సన్నగా ఉండేవి, పెట్టె మాత్రం వాటికి అటూ ఇటూ బయటికి వచ్చి ఉండేది. చిన్న పీట మీద పెద్ద బిందె పెట్టినట్టుండేది. మీరు ఏం చేసినా చేయకపోయినా, మోడల్లో ఆ రూపం మాత్రం రావాలి.

మీ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. హెచ్‌ఓ అంటే అసలు కొలతలో 87వ వంతు. మీ సెట్టు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 1435 మిల్లీమీటర్ల విదేశీ లైనుకి అది సరిపోతుంది. పట్టాల మధ్య దూరాన్నే గేజి అంటారు. మన చిన్న రైలుది రెండున్నర అడుగుల గేజి, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగించండి, 8.76 వస్తుంది. ఎన్ స్కేలు అని హెచ్‌ఓ కంటే చిన్న మోడళ్లున్నాయి, వాటి పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. కాబట్టి ఎన్ స్కేలు పట్టాలు, ఎన్ స్కేలు ఇంజిన్ అడుగుభాగం తీసుకుని, దాని మీద హెచ్‌ఓ కొలతలో మన రైలు పెట్టె కట్టుకోండి. ప్రపంచమంతా చిన్న గేజి మోడళ్లు ఇలాగే చేస్తారు. మీ జర్మనీ పట్టాలూ వృథా కావు. బల్లకి ఒక పక్క వాటిని నౌపడా పెద్ద లైనుగా వేసుకోండి. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి అవి కొంచెం ఇరుకే, అయినా ఫరవాలేదు. పక్కపక్కన రెండు గేజిలూ ఉంటేనే కదా చిన్న రైలు చిన్నదని తెలిసేది!

ఇక ఆగి ఆగి నడవడం గురించి. ముందు పట్టాల మధ్యలో, స్లీపర్ల మీద వరసగా చిన్న మేకుల్లాంటివి ఉన్నాయేమో చూడండి. ఉంటే అది మెర్‌క్లిన్ అనే జర్మన్ కంపెనీ పద్ధతి సెట్టు, కరెంటు ఆ మేకుల్లోంచి వస్తుంది. దానికి సెట్టుతో వచ్చిన కంట్రోలర్ తప్ప వేరేది తగిలించవద్దు. మేకులు లేకపోతే, రెండు పట్టాల్లోంచి 12 వోల్టుల డీసీ కరెంటు తీసుకునే మామూలు సెట్టయి ఉంటుంది. పట్టా మీదా చక్రం మీదా పల్చటి మురికి పొర పడితే చాలు, కరెంటు అందదు. మన తీరం గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. మెత్తటి నూలు గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టాలు తుడవండి. అదే గుడ్డ పట్టాల మీద పరిచి, ఇంజిన్ సగం చక్రాలు గుడ్డ మీదా సగం పట్టా మీదా ఉండేలా పట్టుకుని కరెంటు ఇవ్వండి. గుడ్డ మీద నల్లటి గీతలు పడతాయి. గీతలు పడటం ఆగేదాకా చేయండి. గరుకు కాగితం మాత్రం వాడవద్దు. నేను మొదట్లో అదే వాడాను. పట్టా తళతళలాడింది గానీ, కాగితం గీకిన గీతల్లో మురికి ఇరుక్కుని వారం తిరక్కుండానే మొదటికంటే అధ్వానమైంది.

బల్లకి నీళ్లకి తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ తీసుకోండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలోంచి జల్లు కొట్టి, నా మామూలు ప్లైవుడ్ బల్ల అప్పడంలా ఉబ్బిపోయింది. నాలుగేళ్లు కూర్చుని వేసిన లైను అది. పట్టాలు ఊడదీస్తుంటే చేతులు వణికాయి.

పట్టాల కింద కంకరకి వంశధార ఇసుక కడిగి, ఆరబెట్టి, టీ వడపోతలో జల్లించుకోండి. ముందు దాని మీద అయస్కాంతం తిప్పండి. మన వైపు ఇసుకలో దానికి అంటుకునే నల్లరేణువులుంటాయి, ఇంజిన్ మోటారులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి అవి లోపలికి పోతాయి. నౌపడా అంటే ఉప్పుమడులు ఉండాల్సిందే. నిజం ఉప్పు పోయకండి, చెమ్మ పీల్చి పట్టాలు తినేస్తుంది. ముగ్గుపిండిని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో కుప్పలుగా పోయండి, అచ్చం ఉప్పు రాశులే. పక్కన నిలబెట్టే మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లు ఉండాలి.

1900లో పర్లాకిమిడి దాకా మొదలై, 1931 నాటికి గుణుపురం చేరిన లైను అది. 2004లో గేజి మార్చడానికి ఆపేశారు, 2011లో పెద్ద రైలు వచ్చింది. ఆ చిన్న రైలెక్కినవాళ్లు మీ ఊళ్లోనే ఇంకా ఉన్నారు. పెట్టెల రంగు, కిటికీలు, బల్లల వరస గురించి వాళ్లని ఇప్పుడే అడిగి రాసుకోండి. ఇళ్లలో పాత పెళ్లి ఆల్బంలుంటే, ఫొటోల వెనక స్టేషన్ కనిపిస్తుందేమో చూడండి. ఇంజిన్ కొనడం కంటే ఈ పని ముందు.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. రైలు సెట్టు కావాలంటోంది. మాది రెండు గదుల ఇల్లు. ఎన్ స్కేలా, హెచ్‌ఓనా?
- ఒక తల్లి, సాలూరు

జవాబు: హెచ్‌ఓ తీసుకోండమ్మా. ఎన్ బండిని పట్టా మీద ఎక్కించడం పిల్లల వేళ్లకి కష్టం, రెండు రోజుల్లో విసుగొస్తుంది. గుండ్రటి లైనుకి చోటు లేకపోతే ఆరడుగుల చెక్క మీద తిన్నగా ఒకే లైను వేయండి. ఒక కొసన బొబ్బిలి, ఇంకో కొసన సాలూరు అని బోర్డులు పెట్టండి. మీ లైన్లో ఏళ్ల తరబడి ఒక్క రైల్‌బస్సే అటూ ఇటూ తిరిగింది కదా, ఇక్కడా ఒక్క బండి చాలు. బోర్డులు పాప చేతే రాయించండి. ఆట అయ్యాక చెక్కని మంచం కిందికి తోసేయొచ్చు.