సుల్తాన్ బజార్ గోడకు సిమెంటు అంటించకు

చిరంజీవి నాన్నకు,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని రెండుసార్లు చూశాను. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో అంత పాత బిల్డింగ్ ముందుభాగం పని నీ చేతికొచ్చినందుకు సంతోషం. కానీ ఓనరు దసరాకల్లా అయిపోవాలన్నాడని రాశావే, అక్కడ నాకు టెన్షన్ మొదలైంది.

కింద షాపుల మధ్య స్తంభాలకు నడుమెత్తు దాకా ఎవరో సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. దానికి సరిగ్గా పైన ఇటుకలు గుల్లబారి, తెల్లగా ఉప్పు తేలింది గమనించావా? నేల చెమ్మ పాత గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. గచ్చు, అంటే పాత సున్నపు పూత, ఉన్నన్నాళ్ళు అందులోంచే ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమ్మ ఇంకాస్త పైకి పోయి ఆరుతోంది, వెంట తెచ్చిన ఉప్పు ఇటుకలోపలే గడ్డకట్టి దాన్ని పొరలు పొరలుగా రాల్చేస్తోంది.

ఇది నేను సొంతంగా చేసిన తప్పు వల్ల తెలుసుకున్నాను. ముప్పై ఏళ్ళ వయసులో ఒక పాత దేవిడీ (నవాబుల కాలపు పెద్ద బంగళా) గోడకు ఒకటికి మూడు పాళ్ళ ఇసుక కలిపిన సిమెంటు మాలుతో ఇటుకల మధ్య సందులన్నీ నింపాను. ఎంత గట్టిగా ఉంటే అంత మేలనుకున్నాను. ఆరేడు వానాకాలాలు పోయాక అటు వెళితే నా సిమెంటు గీతలు జాలీలా నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుకలు వేలితో గీరితే పొడి రాలుతున్నాయి. సందులో పెట్టే మాలు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అరిగితే మాలు అరగాలి, మళ్ళీ నింపుకోవచ్చు. పోయిన ఇటుకను ఎక్కడి నుంచి తెస్తాం?

తాపీ పట్టేముందు ఒకరోజు వాన పడుతుండగా గొడుగేసుకుని ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడు. నీళ్ళు ఎక్కడినుంచి కారుతున్నాయో అరగంటలో తెలిసిపోతుంది. పిట్టగోడ పైభాగం, పగిలిన పైపు, బాల్కనీ వాలు, ఏసీ నీళ్ళు. ముందు వీటిని సరిచెయ్. పిట్టగోడ మీది రావి మొక్కను మాత్రం పీకించకు. వేరుతోపాటు నాలుగు వరసల ఇటుకలు ఊడొస్తాయి. మొదలు కోసి, కోసినచోట కలుపు మందు రాసి, వేరు చచ్చాక మెల్లగా తీసి ఆ ఖాళీ సున్నంతో నింపాలి.

పాత సిమెంటు తీయడానికి కుర్రాళ్ళు గ్రైండర్ తెస్తారు. చేతి నుంచి లాక్కో. ఒక్కసారి జారితే ఇటుక అంచు పోతుంది. ఉలి, చిన్న సుత్తి చాలు. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు తీస్తే కొత్త మాలు పట్టుకుంటుంది. పాత మాలు ముక్క ఒకటి వెనిగర్‌లో వేసి చూడు, సున్నం బుసబుసమని కరిగిపోయి ఇసుక అడుగున మిగులుతుంది. ఆ ఇసుక రంగు, గింజ సైజు చూసి అలాంటిదే వెతుకు. ఇది విసుగు పని, కానీ ఆఖర్న గోడ మీద కనపడేది ఆ రంగే.

సున్నం సంగతి. బట్టీ సున్నాన్ని తడిపి, జల్లెడ పట్టి, నీళ్ళ కింద కనీసం నెల నాననివ్వు. సరిగ్గా నానని గింజ ఒక్కటున్నా గోడ ఎక్కాక నీళ్ళు తాగి ఉబ్బుతుంది, గచ్చు మీద గుంట పడుతుంది. ఇసుకతో పాటు కొంచెం సుర్ఖీ, అంటే ఇటుక పొడి, కలుపు. బెల్లం, కరక్కాయ అంటూ యూట్యూబ్ చూసి ఉత్సాహపడుతున్నావు. వేసుకో, వద్దనను. నానని సున్నాన్ని మాత్రం కరక్కాయ కాపాడలేదు. ఒకేసారి దళసరి పూత కొట్టేయకు, పలుచగా పొర మీద పొర వెయ్యి. గోడను ముందురోజే తడిపి ఉంచు, వేశాక తడి గోనెపట్టాలు కప్పు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. అందుకు తడీ కావాలి, రోజులూ కావాలి.

అందుకే దసరా గడువు కుదరదు. వానాకాలంలో కారుడు ఆపడం, సిమెంటు తీయడం, సున్నం నానబెట్టడం చేసుకో. పూత పని దసరా తర్వాత మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు తేలుతుంది. ముందు పక్కసందు గోడ మీద గజం మేర నమూనా వేసి చూపించు. సున్నం నిలవదని, 2019లో చార్మినార్ మీనారు నుంచే పెచ్చు ఊడిపడిందని ఓనరు అనొచ్చు. ఆ కట్టడం 1591 నాటిదని, ఆ మరమ్మతూ మళ్ళీ సున్నంతోనే చేశారని చెప్పు. వీలైతే ఒక ఆదివారం ఆయన్ని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళు. అక్కడ 2013 నుంచి జరిగిన పనిలో పాత మరమ్మతుల సిమెంటు ఊడదీసి గచ్చు వేశారు.

కడగడానికి నీళ్ళు, మెత్తటి బ్రష్. యాసిడ్ వద్దు, ఇసుక కొట్టే మిషన్ అసలే వద్దు. ఇటుక కాలినప్పుడు పైన ఏర్పడిన పొర దాంతో లేచిపోతుంది. ఆఖర్న సున్నపు వెల్లే వెయ్యాలి. ప్లాస్టిక్ పెయింట్ వేస్తే మళ్ళీ సిమెంటు కథే. పర్మిషన్లు కూడా చూసుకో. బిల్డింగ్ వారసత్వ జాబితాలో ఉంటే తెలంగాణ 2017 వారసత్వ చట్టం వర్తిస్తుంది, సారవ కర్రలు కట్టాక నోటీసు వస్తే తలనొప్పి.

పాత మాలు ముక్కలు కొన్ని, రాలిన ఇటుక పెంకు ఒకటి డబ్బాలో పెట్టి బస్సులో పంపు. నమూనా వేసే రోజు ఫోన్ చెయ్, నేనూ వస్తాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. సారవ ఎక్కుతానని మాత్రం మీ పెద్దమ్మతో అనకు.

ఇట్లు,
మీ పెద్దనాన్న