కారు పాలిష్‌కి కొత్తవాళ్ళు ఏ మెషీన్ కొనాలి? మా మావయ్యగారి డిక్కీని అడగండి

ప్రశ్న: "ఎండలో చూస్తే మా కారు నిండా సాలెగూడులాంటి సన్న గీతలు కనిపిస్తున్నాయి. ఇంట్లోనే మెషీన్‌తో పాలిష్ చేసుకుందామనుకుంటున్నాను. ఇదివరకు అలవాటు లేదు. రోటరీ పాలిషర్ మూడు వేలకే దొరుకుతోంది. డీఏ అనే రకం తొమ్మిది, పది వేలు చెబుతున్నారు. అంత పెట్టడం అవసరమా?"

అవసరమేనండీ. ఊరికే దొరికింది కదా అని రోటరీ పట్టుకుని, డిక్కీకి మళ్ళీ రంగు వేయించడానికి ఎంతవుతుందో షెడ్డు షెడ్డుకీ తిరిగి కనుక్కున్నవాణ్ణి చెబుతున్నాను. పైగా ఆ డిక్కీ నాది కూడా కాదు, మా మావయ్యగారిది.

నాలుగేళ్ళ కిందటి సంక్రాంతి. అత్తగారి ఊరు తణుకు దగ్గర. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మావయ్యగారు ముదురు నీలం రంగు కారు కొనుక్కున్నారు. అదంటే ఆయనకి పంచప్రాణాలు. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, పాత పంచె ముక్కతో కారంతా తుడుస్తారు. పొడిగుడ్డే. నీళ్ళు పోస్తే తుప్పు పడుతుందని ఆయన నమ్మకం. రోడ్డు పక్క ఇల్లు, పైగా కోతల రోజులు, కారు మీద వేలు పెడితే మందంగా దుమ్ము. ఆ దుమ్ము మీదే పంచె ముక్క.

భోగి రోజు ఎండలో బానెట్ చూసి నోరు ఊరుకోలేదు. "మావయ్యగారూ, ఈ గీతలన్నీ మీరు రోజూ తుడిచే ఆ గుడ్డ వల్ల వచ్చినవే" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. అక్కడితో ఆగాల్సింది. ఆగకుండా "నేను పోగొడతాను, చూస్తూ ఉండండి" అనేశాను. అప్పటికి నా అనుభవమల్లా ఓ నలభై వీడియోలు చూడటం.

మా బావమరిది వాళ్ళ ఫ్రెండ్‌కి పెయింటింగ్ షెడ్డు ఉంది. అక్కణ్ణుంచి రోటరీ మెషీన్ పట్టుకొచ్చాడు. మూడు కిలోల పైన బరువు. ముందు ఉన్ని ప్యాడ్. దాంతోపాటు మూత చుట్టూ ఎండి అట్టకట్టిన, గీతల్ని అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా. కనుమ నాడు కాకైనా కదలదంటారు. నేను కదిలాను. లోపల గారెలు వేగుతుంటే ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటికి లాగి, వేపచెట్టు కింద పని మొదలుపెట్టాను.

నిజం చెప్పాలంటే మొదటి అరగంట అద్భుతం. టాప్ మీద పెట్టగానే గీతలు మాయమై చెట్టు కొమ్మలు అద్దంలో కనిపించినట్టు కనిపించాయి. బావమరిది ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. మావయ్యగారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఎదురింటాయన కూడా వచ్చి "మా కారు కూడా ఓసారి చూడండి బాబూ" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకాస్త ఊపొచ్చింది. డిక్కీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ మడతలా ఒక అంచు ఉంటుంది చూడండి, రేకు వంపు తిరిగే చోటు, అక్కడ ఒక గీత మొండిగా ఉంది. పోవట్లేదని కాస్త నొక్కాను. రెండు మూడు సెకన్లు, అంతకన్నా లేదు. వైరు కాలినట్టు వాసన వచ్చింది. మెషీన్ ఎత్తి చూస్తే తెల్ల ఉన్ని ప్యాడ్‌కి నీలం రంగు అంటుకుంది. అంచు మీద చిటికెన వేలంత పొడవున, రంగు కింద వేసే బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోంది.

ప్యాడ్‌కి మీ కారు రంగు అంటిందంటే అర్థం ఒకటే, రంగు మీద గాజులా ఉండే పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్, అయిపోయింది. (క్లియర్ కోట్ లేని బాగా పాత కార్లకైతే రంగు అంటడం మామూలే. ఇప్పటి కార్లకి కాదు.)

బావమరిది వీడియో ఆపేశాడు. ఎదురింటాయన పనుందని వెళ్ళిపోయాడు. మావయ్యగారు లేచి వచ్చి, వంగి చూసి, "పర్లేదు బాబూ, వెనకవైపే కదా. నడిపేటప్పుడు నాకు కనబడదు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ రోజు గారెలు ఎన్ని తిన్నానో నాకు గుర్తు లేదు. మా ఆవిడకి గుర్తుందట, రెండే.

కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు ఎండలో చూస్తే, మేం మురిసిపోయిన ఆ టాప్ మీద రిబ్బన్లు పరిచినట్టు వంకర వంకర మెరుపులు. హోలోగ్రామ్స్ అంటారు వాటిని. రోటరీ, ఉన్ని ప్యాడ్, చేతకాని చెయ్యి కలిస్తే వచ్చేవి. అంటే సాలెగూడు తీసి దాని బదులు ముగ్గు వేశానన్నమాట.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. రోటరీ అంటే తిరగలి. ఒకే ఇరుసు మీద, ఒకే చోట, గుండ్రంగా తిరుగుతుంది. మీరు ఎంత నొక్కినా ఆగదు, రాపిడంతా అక్కడే, వేడంతా అక్కడే. డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్, అలా కాదు. గిన్నె తోమేటప్పుడు చెయ్యి చిన్న చిన్న సున్నాలు చుడుతూ పక్కకి జరుగుతుంది చూడండి, అలా. ప్యాడ్ చిన్న సున్నాలు చుడుతుంది, ఆ ఊపులో తన చుట్టూ తానూ తిరుగుతుంది. ఈ తిరగడం వదులుగా ఉంటుంది. మీరు గట్టిగా నొక్కినా, అంచు మీద వంకరగా పెట్టినా ప్యాడ్ తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. చాలామంది దీన్ని లోపంగా చెబుతారు, "పవర్ లేదండీ, నొక్కితే ఆగిపోతోంది" అని. అది ఆగిపోవడానికే మీరు ఆ ఆరేడు వేలు ఎక్కువ పెడుతున్నారు! ఆ రోజు నా చేతిలో ఉన్నది ఆగిపోయే మెషీన్ అయితే డిక్కీ బతికేది. డీఏతో పెయింట్ అసలు కాలదని కాదు, కష్టపడి కాల్చాలి.

ఎందుకింత భయపెడుతున్నానంటే, క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకన్నా లావు. రేకు అంచుల్లో ఇంకా పల్చగా ఉంటుంది, ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు పెయింట్ అంచు నుంచి పక్కకి జారుకుంటుంది. కాంపౌండ్‌తో గట్టిగా పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి. కాబట్టి ఇది పండగ పండగకీ చేసే పని కాదు. ఇంటికి సున్నం వేయడం లాంటిది అసలే కాదు. సున్నం వేస్తే పొర పెరుగుతుంది, ఇక్కడ తరుగుతుంది.

డీఏలో ఏది అంటే, "త్రో" అని ఒక అంకె రాసి ఉంటుంది, ఆ సున్నా ఎంత పెద్దదన్నమాట. 8, 15, 21 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఇటలీ రూపెస్ వాళ్ళు ఈ 15, 21 రకాలకి పేరు తెచ్చారు, ఇప్పుడు ఆ కొలతల్లో చవక మెషీన్లు కూడా బోలెడు. నా మాట విని 15 తీసుకోండి, ఐదు అంగుళాల బ్యాకింగ్ ప్లేట్‌తో (ప్యాడ్ అంటించే గుండ్రటి పళ్ళెం). 8 కూడా భద్రమే కానీ ఒక్కో డోరుకి గంట పడుతుంది, సగంలో విసుగొచ్చి వదిలేస్తారు. 21 పెద్ద బానెట్‌ల మీద హాయిగా ఉంటుంది గానీ మన స్విఫ్ట్‌లు, ఐ10ల వంపుల మీద, సన్నటి పిల్లర్ల మీద మాటిమాటికీ ఆగిపోతుంది. జర్మనీ ఫ్లెక్స్ లాంటి కంపెనీలు చేసే, గేరుతో తిరిగే డీఏలు కూడా ఉన్నాయి. అవి నొక్కినా ఆగవు. మంచి మెషీన్లే, కానీ మొదటి మెషీన్‌గా వద్దు. వాట్స్ చూసి మోసపోవద్దు. బ్యాటరీవి కూడా వద్దు, కారు మొత్తం అయ్యేలోపు బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చోవాలి.

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకుందామనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. మా పెద్దమ్మ కొడుకు డాలస్ నుంచి ఎంతో ప్రేమగా మోసుకొచ్చిన మెషీన్ విజయవాడలో ప్లగ్ పెట్టిన క్షణానికి పొగ వదిలింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు, ఆ బరువైన డబ్బాని కారు చుట్టూ మోసుకు తిరిగే ఓపిక మీకుంటే.

ఇంకోటి, గోడలు కోసే గ్రైండర్‌కి స్పాంజి ప్యాడ్ తగిలించి కారు రుద్దేవాళ్ళున్నారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. రోటరీ పాలిషర్ మహా అయితే సుమారు 3,000, దానికే నా డిక్కీ గతి అలా అయింది. ఆ వీడియోల కింద "సూపర్ అన్నా" అని రాసేవాళ్ళని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

మెషీన్‌కి ఉన్న డబ్బంతా పెట్టేయకండి. తొమ్మిది వేలు మెషీన్‌కి పెడితే మరో రెండు మూడు వేలు ప్యాడ్‌లకి, మంచి పాలిష్‌కి, మైక్రోఫైబర్ గుడ్డలకి ఉంచుకోండి. ఒకే ప్యాడ్‌తో కారంతా చేస్తే అది మురికి పట్టి, వేడెక్కి, చివర్లో అదే గీతలు పెడుతుంది. కనీసం నాలుగు ఫోమ్ ప్యాడ్‌లు. ప్యాడ్ రంగుని బట్టి గరుకుదనం చెప్పలేం, ఒక కంపెనీకి నారింజ గరుకైతే ఇంకో కంపెనీకి మెత్తన. బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. ప్యాడ్ తిరుగుతోందో ఊరికే వణుకుతోందో ఆ గీతే చెబుతుంది. ప్యాడ్ మీద బటాణీ గింజంత పాలిష్ బొట్లు నాలుగు వేసి, ప్యాడ్‌ని రేకు మీద ఆనించాకే స్విచ్ వేయండి. లేకపోతే పాలిష్ అంతా మీ చొక్కా మీద ఉంటుంది. రెండడుగుల చదరం తీసుకుని నెమ్మదిగా జరపండి. ముందు బానెట్ మీద ఒక మూల చేసి చూసి, గీతలు పోతే అదే పద్ధతిలో మిగతాది. అంచులకి, రబ్బర్లకి మాస్కింగ్ టేపు. ఎండలో చేయొద్దు, పాలిష్ క్షణంలో ఎండి పెచ్చులు కడుతుంది. వీటన్నిటికంటే ముందు కారుని షాంపూతో కడిగి, క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) రుద్ది, అరచేత్తో తడిమితే గాజులా ఉండాలి. ఈ కడిగే పనికే సగం రోజు పోతుంది, వీడియోల్లో అది పది సెకన్లు చూపిస్తారు.

నేను తర్వాత 15 మిల్లీమీటర్ల డీఏ కొన్నాను. దసరాకి దాన్ని బ్యాగులో పెట్టుకుని తణుకు వెళితే అత్తగారు బట్టలనుకుని విప్పి చూసి "మళ్ళీనా?" అన్నారు. రెండు రోజులు పట్టింది. ఆ ముగ్గంతా పోయింది. మావయ్యగారు మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఈసారి నాకు చేయి దూరంలో. డిక్కీ అంచు దగ్గరికి వచ్చేసరికి "అది వదిలెయ్ బాబూ" అన్నారు. ఆ మచ్చ మీద అప్పటికే వేంకటేశ్వరస్వామి నామాల స్టిక్కర్ అంటించి ఉంది.

కోటింగ్ షాపుల గురించి కూడా ఒక మాట. గీతలు తీయకుండా పైన సిరామిక్ కోటింగ్ అనే గట్టి పూత వేసి, వేలకు వేలు తీసుకుని, "9హెచ్ సార్, గీత పడదు" అని పంపే షాపులున్నాయి. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ కాఠిన్యం కొలత. పెన్సిల్‌తో గీస్తే పడదేమో, ఇసకతో రుద్దితే పడుతుంది. కోటింగ్ కింద ఉన్న గీతలు అలాగే ఉంటాయి, పైగా ఇప్పుడు వాటిని తీయాలంటే ముందు కోటింగ్ తీయాలి. ఇంకొందరు గీతల్లో నూనెలాంటి గ్లేజ్ నింపి పంపుతారు. నాలుగు వాష్‌లు కాగానే గీతలు తిరిగి దర్శనమిస్తాయి.

ఇవన్నీ చెప్పాను గానీ, అసలు మెషీన్ ఎందుకు కావాల్సి వచ్చిందో ఒకసారి చూసుకోండి. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక కుర్రాడు తెల్లారుజామున పదిహేను కార్లు తుడుస్తాడు. ఒకటే బకెట్, ఒకటే గుడ్డ. మొదటి కారు ఇసక పదిహేనో కారుకి చేరుతుంది. తప్పు అతనిది కాదు, సెల్లార్‌లో పైపు వాడొద్దని తీర్మానం చేసింది మనమే, నెలకి ఇచ్చేది కూడా అంతంతమాత్రం. నేను అతనికి వంద అదనంగా ఇచ్చి "మా కారు ముట్టుకోకు బాబూ" అని చెప్పాను. నన్ను పిచ్చివాడిలా చూశాడు. వారానికోసారి నేనే కడుక్కుంటాను. రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఆఖరిసారి మెషీన్ బయటికి తీసి ఏడాదిన్నర దాటింది.

అన్నట్టు, మీ కారు రంగేమిటో మీరు రాయలేదు. మన రోడ్ల మీద ఎక్కువ కార్లకి ఉన్నట్టు తెలుపే అయితే, ఆ గీతలు ఎండలో మొహం దగ్గర పెట్టి చూస్తే తప్ప ఎవరికీ కనబడవు. ఆ పన్నెండు వేలు దాచుకుని, ముందు రెండు బకెట్లు కొనండి. నలుపో నీలమో అయితే మాత్రం డీఏ తీసుకోండి, బోణీ మాత్రం మీ కారు మీదే చేయండి.