ఎమ్మెస్సీ మ్యాథ్స్ తర్వాత పరిశోధనకు ప్రభుత్వం డబ్బిస్తుందా? గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు గుంటూరులో ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి ఏడాదిలో ఉన్నారు. ఇంట్లో వాళ్లు బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, మీ మనసు పరిశోధన మీద ఉంది. నెలనెలా డబ్బు వచ్చే ప్రభుత్వ పథకాలు ఏమున్నాయి, వాటికి కోచింగ్ ఎక్కడ తీసుకోవాలి అని అడిగారు.

డబ్బుంది. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 42,000, దాని మీద ఇంటద్దె భత్యం. ఇవి 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు. అంతా కలిపి ఐదేళ్ల వరకూ ఇస్తారు. అణుశక్తి శాఖ కింద 1983లో పెట్టిన నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్, అంటే ఎన్‌బీహెచ్‌ఎం, పూర్తిగా గణితం కోసమే ఉంది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి అది కూడా స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. చెన్నైలోని గణిత పరిశోధన సంస్థ ఐఎంఎస్‌సీ లాంటివి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు పిలవడానికి ఆ పరీక్షను ఆధారం చేసుకుంటాయి. గేట్‌లో గణితం పేపరు రాసి ఐఐటీల్లో చేరే దారి ఎలాగూ ఉంది. మన రాష్ట్రంలోనే తిరుపతిలో ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి.

చాలామందికి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీ ఆర్‌సెట్ రాసి నాగార్జున యూనివర్సిటీలోనో మరో రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనో పీహెచ్‌డీ సీటు తెచ్చుకోవచ్చు, కానీ ఆ సీటుతో పాటు ఫెలోషిప్ రాదు. నెట్ లేనివాళ్లకు యూజీసీ ఇచ్చే నెలకు 8,000 కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్లకే. సీటు వచ్చిందని చేరిపోయి ఆనక ఫెలోషిప్ వెతుక్కోవడం తలకిందుల పని. పగలు ఇంటర్ కాలేజీలో పాఠాలు, రాత్రి పరిశోధన అంటే కాగితం మీద బాగానే ఉంటుంది, మూడో ఏడాదికి రెండూ చెడతాయి. ముందు జేఆర్‌ఎఫ్, తర్వాత సీటు. ఆ వరసలో వెళ్తే ఎక్కడ చేరాలో ఎంచుకునే వీలూ మీకే ఉంటుంది.

ఇక కోచింగ్. విజయవాడ, గుంటూరు ఎంసెట్ కోచింగ్‌కు పెట్టింది పేరు. ఆ చదువులో పెరిగిన పిల్లలకు ఫార్ములా గుర్తు పెట్టుకుని ఆప్షన్ కొట్టడం అలవాటైపోతుంది. నెట్‌లో సరిగ్గా ఆ అలవాటే ముంచుతుంది. పేపరు చూడండి: మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఎ జనరల్ ఆప్టిట్యూడ్, 20 ప్రశ్నల్లో 15 చేయాలి, ఒక్కోటి 2 మార్కులు. పార్ట్ బి 40లో 25, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకు 0.75 కోత. పార్ట్ సి 60లో 20, ఒక్కోటి 4.75 మార్కులు. సి లో తప్పుకు కోత లేదు, కానీ ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండొచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా. మొత్తంలో 95 మార్కులు ఈ భాగానివే.

ఒక నమూనా చూద్దాం. సున్నా నుంచి అనంతం వరకు కింది ఫంక్షన్లలో యూనిఫార్మ్‌లీ కంటిన్యుయస్ అయినవి ఏవి: రూట్ ఎక్స్, సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్, ఎక్స్ సైన్ ఎక్స్, ఈ టు ది పవర్ మైనస్ ఎక్స్. మనవాళ్లు వెంటనే చేసే పని డెరివేటివ్ బౌండెడా కాదా అని చూడటం. సున్నా దగ్గర రూట్ ఎక్స్ డెరివేటివ్ పేలిపోతుంది కాబట్టి దాన్ని కొట్టేస్తారు. మధ్య రెండింటినీ కూడా కొట్టేసి చివరిది ఒక్కటే గుర్తిస్తారు. సున్నా మార్కులు. డెరివేటివ్ బౌండెడ్ అయితే యూనిఫార్మ్ కంటిన్యుయిటీ ఉంటుందన్న మాట నిజమే, దాని తిరగేసిన మాట నిజం కాదు. రూట్ ఎక్స్‌ను సున్నా నుంచి ఒకటి వరకు తీసుకుంటే అది క్లోజ్డ్, బౌండెడ్ ఇంటర్వెల్, కంటిన్యుయస్ అయితే చాలు. ఒకటి దాటాక డెరివేటివ్ అరకు మించదు. రెండూ కలిపితే పని పూర్తి. సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ ఎందుకు కాదో కూడా డెరివేటివ్ పేరు చెప్పి వదిలేయకూడదు. రూట్ ఆఫ్ ఎన్ పై, రూట్ ఆఫ్ (ఎన్ పై ప్లస్ పై బై టూ) అనే రెండు సీక్వెన్సులు తీసుకోండి. వాటి మధ్య దూరం సున్నాకు పోతుంది, ఫంక్షన్ విలువల తేడా మాత్రం ఎప్పుడూ 1 ఉంటుంది. మూడో ఫంక్షన్‌కు అలాంటి సీక్వెన్సులు మీరే వెతకండి. అది దొరికే వరకు ఇంకో ప్రశ్నకు పోకండి.

ఈ రకం ఆలోచన నేర్పేది ఎంటీటీఎస్, అంటే మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్. ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టారు, ఎన్‌బీహెచ్‌ఎం అండతో నడిచింది. వేసవిలో నాలుగు వారాలు, దేశంలో పలుచోట్ల పెడతారు. డిగ్రీ వాళ్లకూ, ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్లకూ విడివిడి స్థాయిలు ఉంటాయి. ఎంపికైతే బస, భోజనం వాళ్లే చూస్తారు. అక్కడ పాఠం చెప్పేవారు బోర్డు మీద థియరం రాసి ప్రూఫ్ రాసేయరు. నిర్వచనం చెప్పి, ఉదాహరణ మీ చేతే చెప్పించి, ఆ ఉదాహరణ ఎక్కడ చెడుతుందో కూడా మీ నోటి నుంచే రాబడతారు. మొదటి వారం నరకంలా ఉంటుంది, ఉండాలి కూడా. మీరు ఈ ఏడాదే పెట్టుకోవాలి. ఎమ్మెస్సీ రెండో ఏడాదికి వెళ్లాక ఆ అవకాశం చేజారుతుంది.

ఎంటీటీఎస్ దరఖాస్తులు ఎక్కువగా తేలిపోయేది సిఫారసు లేఖ దగ్గర. మన కాలేజీల్లో ఇచ్చే లేఖ ఎలా ఉంటుందో మీకు తెలుసు: క్రమశిక్షణ గల విద్యార్థి, నడవడిక మంచిది, ఉజ్వల భవిష్యత్తు కోరుకుంటున్నాం. ఎంపిక చేసేవాళ్లకు ఆ లేఖ నుంచి తెలిసేది ఏమీ ఉండదు. మీ సార్‌నో మేడమ్‌నో కలిసి, క్లాసులో మీరు చెప్పిన సెమినార్, మీరు అడిగిన ప్రశ్న, సిలబస్‌లో లేకపోయినా సొంతంగా చదివిన చాప్టర్ ఇవన్నీ అర పేజీలో రాసివ్వండి. దాన్ని చూసి వాళ్ల మాటల్లో వాళ్లు రాస్తారు. చూపించడానికి సెమినారే లేకపోతే వచ్చే నెల ఒకటి పెట్టించుకోండి, ఏ మాస్టారూ వద్దనరు. దరఖాస్తులో మీరు రాసే భాగానికీ ఇదే సూత్రం. గణితమంటే చిన్నప్పటి నుంచి ఇష్టం అనే వాక్యం వద్దు. ఒక ఫలితం పేరు చెప్పి అందులో మీకు ఏది అర్థం కాలేదో రాస్తే చాలు.

రెండో సెమిస్టర్ పరీక్షలు మే, జూన్‌లో పడి ఎంటీటీఎస్ శిబిరంతో ఢీకొట్టవచ్చు. టైంటేబుల్ రాకముందే దరఖాస్తు చేయండి. పరీక్షలు అడ్డొస్తే అప్పుడు చూసుకోవచ్చు.

పీహెచ్‌డీలో చేరాక నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ నడిపే ఏటీఎం (అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్ మ్యాథమెటిక్స్) స్కూళ్లు ఉన్నాయి. ఇది ఐఐటీ బాంబే, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ కలిసి పెట్టిన కేంద్రం. యాన్యువల్ ఫౌండేషన్ స్కూల్‌లో అల్జీబ్రా, అనాలిసిస్, టోపాలజీల పునాది గట్టిపరుస్తారు. గైడ్‌కు మీ సబ్జెక్టులో ఒక మూల మాత్రమే తెలిసినప్పుడు ఇవే దిక్కు. ఈ జవాబు చదివే డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు ఒక మాట: అదే కేంద్రం టీచర్స్ ఎన్‌రిచ్‌మెంట్ వర్క్‌షాపులు కూడా పెడుతుంది. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఇక కాగితాల సంగతి. గుంటూరు జిల్లా పిల్లలు మార్కులు తెచ్చుకుని కూడా దెబ్బతినేది ఇక్కడే. సచివాలయంలో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ నెట్‌కు పనికిరాదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. ముందు జాబితాలో మీ కులం చూసుకుని, ఆ తర్వాతే దరఖాస్తులో ఓబీసీ అని పెట్టండి. ఈడబ్ల్యూఎస్ అయితే ఏ ఆర్థిక సంవత్సరానిదో చూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, మహిళలకూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకూ ఐదేళ్ల సడలింపు ఉంది. ఎమ్మెస్సీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 50 శాతం తప్పనిసరి. చివరి ఏడాదిలో ఉండగానే రాయవచ్చు కాబట్టి, మొదటి ప్రయత్నం వచ్చే ఏడాదే పెట్టుకోండి.

ఫలితాల్లో 2024 నుంచి మూడు వర్గాలు ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్‌తో సహా అన్నిటికీ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండిటికీ జేఆర్‌ఎఫ్ డబ్బు లేదు. నెట్ కొట్టాను అని ఎవరైనా చెబితే ఏ వర్గంలో అని అడగండి.

జేఆర్‌ఎఫ్ వచ్చి చేరాక కూడా డబ్బు దానంతట అది పడదు. యూజీసీ ఫెలోషిప్ అయితే మీ హాజరును యూనివర్సిటీలో ఒకరు పోర్టల్‌లో ఎక్కించాలి, ఇంకొకరు ఆమోదించాలి. వాళ్లను మేకర్, చెకర్ అంటారు. వాళ్లలో ఒకరు సెలవు పెట్టినా, బదిలీ అయినా ఆ నెల ఆగిపోతుంది. చేరిన వారంలోనే ఆ ఇద్దరూ ఎవరో, ఏ సెక్షన్‌లో కూర్చుంటారో తెలుసుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో బ్రాంచికి వెళ్లి అడగండి. రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే డబ్బు మీరు చివరగా ఆధార్ కలిపిన దాంట్లో పడవచ్చు, పాత ఖాతా చూసుకుంటూ రాలేదని కంగారు పడేవాళ్లున్నారు.