రాసే చెయ్యి బిగుసుకుపోతోంది: మ్యాగ్నెట్ వైద్యానికి చీటీ పాడాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. రెండెకరాల కొబ్బరి తోట ఉంది. అబ్బాయికి 26 ఏళ్లు, గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాడు. ఏడాదిగా పెన్ను పట్టుకుని రెండు లైన్లు రాసేసరికి వేళ్లు బిగుసుకుపోయి మణికట్టు వంగిపోతోంది. అన్నం తినడం, బండి నడపడం, ఫోన్‌లో టైపింగ్ అన్నీ మామూలే. డాక్టరు గారు రైటర్స్ క్రాంప్ అన్నారు. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు తలకి మ్యాగ్నెట్‌తో వైద్యం చేస్తామంటున్నారు. 30 సిట్టింగ్‌లు, ఒక్కోటి 3,500 రూపాయలు, మొత్తం ముందే కడితే పది శాతం తగ్గింపు. ఇన్సూరెన్స్ కూడా వస్తుందట. 3 లక్షల చీటీ పాడమంటారా, మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టమంటారా, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెమ్మంటారా?

జవాబు: ప్రస్తుతానికి మూడూ వద్దండి.

ముందు అసలు ఖర్చు చూద్దాం. 30 సిట్టింగ్‌లకు 1,05,000, తగ్గింపు పోను 94,500. వారానికి ఐదు చొప్పున ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ హైదరాబాద్‌లో గది, తిండి, తోడుగా ఒక మనిషి, రానూపోనూ ఛార్జీలు కలిపితే లక్షన్నరకి చేరుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నర మీద నెలకి 3,000, ఏడాదికి 36,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చీటీ మొదట్లోనే పాడితే పాటలో వదులుకున్నదే మీ వడ్డీ. చెల్లింపులేమో చివరి నెల దాకా కడుతూనే ఉండాలి. మూడింట్లో బ్యాంకులో బంగారం మీద అప్పే చవక. అయితే అది పంట లోను పేరుతో తీసుకుని వైద్యానికి వాడొద్దు.

ఎంత వడ్డీకి తెచ్చారన్న దానికంటే, పెట్టిన డబ్బుకి మేలు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ముఖ్యం. వైద్యం సంగతి న్యూరాలజిస్టు చెప్పాలి. డబ్బు పెట్టేముందు నేను చూసుకున్నంత వరకు చెబుతాను. రైటర్స్ క్రాంప్ కండరాల జబ్బులా కనిపిస్తుంది గానీ, చేతిని నడిపే మెదడు సర్క్యూట్లలో ఉంటుంది లోపం. వాటికి ఉండాల్సిన అదుపు తగ్గి, అక్కర్లేని కండరాలు కూడా ఒకేసారి బిగుసుకుంటాయి. తల మీద కాయిల్ పెట్టి నెమ్మదిగా అయస్కాంత పల్స్‌లు పంపితే ఆ హడావుడి తగ్గుతుందన్నది ఈ చికిత్స వెనకున్న ఆలోచన. అది బూటకం కాదు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో సెకనుకి ఒక పల్స్ చొప్పున ఇస్తే కొందరి రాత బాగుపడింది. కానీ ఆ మేలు గంటల లెక్కన నిలిచింది, అతి కొద్దిమందిలోనే రోజుల దాకా వెళ్లింది. తర్వాత వచ్చినవీ ఎక్కువగా చిన్న అధ్యయనాలే. మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2008లో ఈ పద్ధతికి అనుమతిచ్చింది డిప్రెషన్‌కి, రైటర్స్ క్రాంప్‌కి కాదు. కాబట్టి దీన్ని ఒక్కసారితో తీరిపోయే ఖర్చు అనుకోకండి. మేలు జరిగినా మళ్లీ మళ్లీ కట్టాల్సి రావచ్చు. అలాంటిదానికి వడ్డీకి తెస్తే అప్పు మీద అప్పు పెరుగుతుంది.

ఈ జబ్బుకి ఎక్కువ ఆధారం ఉన్నది కండరాన్ని వదులు చేసే బొటులినమ్ ఇంజెక్షన్‌కి. బిగుసుకునే కండరాన్ని గుర్తుపట్టి అందులోకే ఇస్తారు. సుమారు మూడు నెలలు పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్లీ వేయించుకోవాలి. కొన్నాళ్లు వేళ్లు కాస్త బలహీనపడొచ్చు, అందుకే పరీక్షకి వారం ముందు మొదటిసారి వేయించుకునే సాహసం చెయ్యకండి. ముందు కాకినాడ జీజీహెచ్‌లోనో, హైదరాబాద్ నిమ్స్‌లోనో న్యూరాలజీ ఓపీలో చూపించండి. చిన్న వయసు కదా, వెనక వేరే జబ్బేమీ లేదని తేల్చే రక్తపరీక్షలు కూడా వాళ్లే చెబుతారు. ఇంజెక్షన్ మాట వస్తే ఎన్ని యూనిట్లు, యూనిట్ ధరెంత, డాక్టరు ఫీజెంత అని విడివిడిగా రాయించుకుని, ఏడాది మొత్తానికి లెక్క కట్టుకోండి. లావు పెన్ను, పట్టు మార్చి రాయడం, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులకి చేతిని అలవాటు చేసే నిపుణులు) దగ్గర అభ్యాసం లాంటివి అందరికీ పనిచెయ్యవు గానీ, వాటికయ్యేది తక్కువే.

ఇన్సూరెన్స్ మాట నాకు అనుమానంగానే ఉంది. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ, పాలసీలు వదిలెయ్యకూడని పన్నెండు ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చింది. అందులో డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఉంది. అది పుర్రెకి రంధ్రం చేసి మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టే ఆపరేషన్. పైనుంచి మ్యాగ్నెట్ పెట్టే ఈ చికిత్స ఆ జాబితాలో లేదు. సెంటర్ వాళ్లు తెలిసి చెప్పారో, పేర్లు కలిపేసుకున్నారో గానీ, వాళ్ల నోటిమాట నమ్మకండి. ఇన్సూరెన్స్ కంపెనీకే ఈమెయిల్ రాసి, జవాబు రాతలో తెప్పించుకోండి. ఆసుపత్రిలో చేరకుండానే చేరినట్టు చూపించి క్లెయిమ్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, పాలసీయే పోతుంది. మీది వ్యవసాయ ఆదాయమే కాబట్టి పన్ను మినహాయింపుల జోలికి వెళ్లక్కర్లేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మీ ఉత్తరమంతా వైద్యం గురించే ఉన్నా, మీ టెన్షన్ పరీక్ష గురించి. రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి వేసిన కేసులోనే 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వైకల్యం 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ని, అంటే అభ్యర్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, నిరాకరించకూడదని చెప్పింది. దాని ఆధారంగా 2022 ఆగస్టులో కేంద్రం, 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడం కష్టమయ్యేవారికి స్క్రైబ్, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. నియమాలు మారుతుంటాయి గనుక, ఈసారి ఏపీపీఎస్సీ నోటిఫికేషన్‌లో స్క్రైబ్ నిబంధన, సర్టిఫికెట్ నమూనా ఆఖరి తేదీకి ముందే చదివించండి. సర్టిఫికెట్ ప్రభుత్వ వైద్య బోర్డు నుంచి రావాలి. దానికయ్యేది ఛార్జీలు, ఓపిక. అప్లికేషన్‌లో స్క్రైబ్ కావాలన్న గడిలో టిక్ పెట్టకపోతే తర్వాత ఎవరూ వినరు.

జవాబులు చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. నోట్లో ఉన్నది పేజీ మీదకి సరిగ్గా రావడానికి నెలలు పడుతుంది. అమలాపురంలో డిగ్రీ చదివే పిల్లాడినెవరినైనా వారానికి మూడు రోజులు కూర్చోబెట్టి, గంటకింత అని ఇచ్చి మోడల్ పేపర్లు రాయించండి. పరీక్షకి సొంత స్క్రైబ్‌ని తెచ్చుకోనిస్తారో లేదో, అర్హత ఎంత ఉండాలో నోటిఫికేషనే చెబుతుంది. తోట ఆదాయంలోంచి నెలనెలా పెట్టగలిగిన ఖర్చు ఇది.

ఇవన్నీ చూశాక కూడా న్యూరాలజిస్టు మ్యాగ్నెట్ చికిత్స ప్రయత్నించమంటే ప్రయత్నించండి, అబ్బాయికి ఫిట్స్ వచ్చిన చరిత్ర గానీ, తలలో లోహం గానీ, పేస్‌మేకర్ గానీ ఉన్నాయో లేవో ముందే చెప్పి. అప్పుడు కూడా పది శాతం తగ్గింపుకి ఆశపడకండి. ఐదు సిట్టింగ్‌లకు 17,500 కట్టండి. మొదటి రోజు, ఐదో రోజు ఒకే పేరా రాయించి, రెండు కాగితాలూ తేదీ వేసి డాక్టరుకి చూపించండి. తేడా లేకపోతే అక్కడితో ఆపెయ్యండి.