బండి మీద తుపాకి స్టిక్కర్ ఉంచాలా, పీకాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి డల్లాస్‌లో హెచ్ వన్ బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుండాడు. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక పికప్ ట్రక్కు కొని ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెట్టినాడు. వెనకద్దం మీద ఒక తుపాకి కంపెనీ స్టిక్కరు, దాని పక్కనే ఫిరంగి బొమ్మ వేసి ‘వచ్చి తీసుకోండి’ అని ఇంగ్లీషులో రాసుంది. వాళ్ళమ్మ చూసి ఒకటే భయపడతా ఉంది. వాడేమో ‘పాత ఓనరు అంటించినవి నాన్నా, టెక్సాస్‌లో ఇవి మామూలే, ఇవి ఉంటే దొంగలు దగ్గరికి కూడా రారు, నా దగ్గర గన్ను లేదు కదా మీకెందుకు భయం’ అంటుండాడు. ఊరుకోమంటారా, పీకేయమని చెప్పమంటారా?
ఒక తండ్రి, కావలి

జవాబు: పీకేయమని చెప్పండయ్యా, గట్టిగానే చెప్పండి. అబ్బాయి చెప్పిన దాంట్లో కొంత నిజమే, అట్టాంటి స్టిక్కర్లు అక్కడ మామూలే, నేరం కూడా కాదు, తన అభిప్రాయం బండి మీద రాసుకునే స్వేచ్ఛ వాళ్ళ రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. ఆ ఫిరంగికి ఒక చరిత్ర కూడా ఉంది. 1835లో గొంజాలెస్ అనే ఊళ్ళో ఉన్న చిన్న ఫిరంగిని మెక్సికో సైనికులు పట్టకపోదామని వస్తే ఊరోళ్ళు ఇదే మాట జెండా మీద రాసి ఎదురు తిరిగినారు, అది టెక్సాస్ వాళ్ళకి పౌరుషం, ఇప్పుడు తుపాకి హక్కు కావాలనే వాళ్ళు ఆ మాటని బండ్ల మీద వేసుకుంటున్నారు. ఆ పౌరుషం పాత ఓనరుది, దాన్ని మీ వాడు ఎందుకు మోయాలి?

దొంగలు రారనే మాట మాత్రం పూర్తిగా తిరగేసి ఆలోచించాలి. కారు అద్దాలు పగలగొట్టే దొంగ ఓనరు ఉండగా రాడు, రాత్రిపూట అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో షాపింగ్ మాల్ బయటనో ఎవరూ లేనప్పుడు వస్తాడు. వాడికి బండిలో దొరికే వాటిల్లో తుపాకి కన్నా విలువైనది ఇంకోటి లేదు, చిన్నగా ఉంటది, చేతులు మారిపోద్ది, అడిగినంత డబ్బు వస్తది. అమెరికాలో 2017 నుంచి 2021 దాకా ఐదేళ్ళలో పోయినాయని పోలీసులకి ఫిర్యాదు వచ్చిన తుపాకులే పది లక్షలు దాటినాయని అక్కడి కేంద్ర ప్రభుత్వ లెక్క, వాటిల్లో నూటికి తొంభైకి పైగా మామూలు జనం దగ్గర పోయినవే, షాపుల్లో పోయినవి కాదు. అట్టా పోయేవాటిల్లో బండ్లలోంచి పోయేవి చాలా ఎక్కువ. అందుకే అక్కడ పోలీసులే, తుపాకి ఉన్న వాళ్ళకి కూడా, బండి మీద అట్టాంటి బొమ్మలు వద్దని చెప్తుంటారు. మీ వాడి బండిలో గన్ను లేదని మీకు తెలుసు, నాకు తెలుసు, ఆ దొంగకి తెలీదు కదా. స్టిక్కరు చూసి అద్దం పగలగొడతాడు, సీటు కిందా డ్యాష్‌బోర్డు లోపలా వెతుకుతాడు, తుపాకి దొరక్కపోతే ల్యాప్‌టాప్ బ్యాగు తీసకపోతాడు, ఆ బ్యాగులో పాస్‌పోర్టో వీసా కాయితాలో ఉన్నాయంటే తర్వాత ఆ తిప్పలు ఎన్ని నెలలు పడాలో అక్కడున్న పిలకాయల్ని ఎవర్నడిగినా చెప్తారు.

ఇంక అసలు మాట, ఇది మీ వాడికి తెలుసో లేదో కనుక్కోండి. హెచ్ వన్ బి, చదువుకోటానికి ఇచ్చే ఎఫ్ వన్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నోళ్ళు తుపాకి కానీ తూటాలు కానీ దగ్గర పెట్టుకోకూడదని 1998 నుంచి అక్కడ కేంద్ర చట్టం ఉంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, గ్రీన్ కార్డు వచ్చిన వాళ్ళకి ఈ నిషేధం లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్ళు నిండిన వాళ్ళు పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు అనే మాట విని మన పిలకాయలు చాలామంది అది తమకి కూడా వర్తిస్తదనుకుంటారు, వర్తించదు, చట్టప్రకారం తుపాకి పెట్టుకునే అర్హత లేనోళ్ళకి ఆ వెసులుబాటు లేదు. ఆఖరికి తుపాకి కాల్చటం సాధన చేసే షూటింగ్ రేంజికి పోయి అద్దెకి తీసుకుని కాల్చినా ఆ మినహాయింపులు లేకపోతే అది నేరం కిందికే వస్తది, 2022లో దీని శిక్షని పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా పెంచినారు. వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో రేంజికి పోయి తుపాకి పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టేవాళ్ళని చూస్తే నాకు గుండె దడ వస్తది, వాళ్ళని కన్నోళ్ళు ఇక్కడ పొగాకు అమ్మో పొలం తాకట్టు పెట్టో పంపించి ఉంటారు. స్టిక్కరు తుపాకి కాదు, దాని వల్ల కేసు రాదు, సరే. కానీ ఏ చిన్న ట్రాఫిక్ తప్పుకో పోలీసు బండి ఆపినాడనుకోండి, వెనక నుంచి నడిచొచ్చే ఆయనకి ముందు కనిపించేది ఆ అద్దమే, లోపల తుపాకి ఉందనుకునే వస్తాడు, చెయ్యి నడుం దగ్గర పెట్టుకునే మాట్లాడతాడు. కొత్తగా పోయిన పిల్లోడు కంగారులో కాయితాల కోసం గబుక్కున వంగినాడంటే ఏమవుతదో అనే భయం మీ ఇంటావిడకి వచ్చిందంటే అది ఉత్త భయం కాదు.

తుపాకి గుర్తు చూస్తే జనం తగ్గి ఉంటారనేది కూడా నిజం కాదు. 1975లో వచ్చిన ఒక పరిశోధన ఉంది, యూటా రాష్ట్రంలో సిగ్నల్ దగ్గర ఒక పికప్ ట్రక్కుని గ్రీన్ లైటు పడినా కదలకుండా నిలబెట్టి వెనకున్న వాళ్ళు ఎంత హారన్ కొడతారో చూసినారు. కొన్నిసార్లు వెనకద్దంలో రైఫిల్ పెట్టి బంపరు మీద ‘పగ’ అని అర్థమొచ్చే స్టిక్కరు వేసినారు. భయపడి ఊరుకోవాలి కదా, డ్రైవరు కనపడకుండా కర్టెన్ వేసినప్పుడు ఆ ట్రక్కుకే ఎక్కువ హారన్లు పడినాయి. అంటే తుపాకి గుర్తు వెనకోడి కోపాన్ని ఇంకా రేపింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ఇంకో సంగతి చెప్పినారు, బండిని స్టిక్కర్లతో ఎంత సొంతం చేసుకుంటే ఆ డ్రైవరు రోడ్డు మీద అంత తొందరగా గొడవకి దిగుతాడంట, స్టిక్కరు మీద శాంతి అని రాసున్నా అంతేనంట. ఎదుటోడి దగ్గర నిజంగానే తుపాకి ఉండే దేశంలో హారన్ల కాడ మొదలైన గొడవ ఎందాకా పోతదో రాయాల్సిన పని లేదు.

పీకటం చాలా తేలిక. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా లేపితే ఊడి వస్తది, మిగిలిన జిగురుకి సబ్బు నీళ్ళో స్పిరిట్టో చాలు. స్టిక్కరు అద్దానికి లోపలి వైపు ఉంటే మాత్రం బ్లేడు వాడొద్దు, మంచు కరిగించే సన్నటి తీగలు అక్కడే ఉంటాయి, తెగిపోతే చలికాలం వెనకేం కనపడదు.

ప్రశ్న: సార్, నాది బుల్లెట్టు. రేడియం షాపులో ట్యాంకు మీద ఏకే 47 బొమ్మ, నంబర్ ప్లేటు మీద చిన్న రివాల్వర్ వేయించుకున్నా. నెల్లూరు మినీ బైపాస్‌లో రెండు సార్లు ఆపినారు. బొమ్మ వేసుకోకూడదని చట్టం ఉందా?
డిగ్రీ విద్యార్థి, వేదాయపాళెం

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ప్లేటు మీద బొమ్మ ఈరోజే తీసేయ్. నంబర్ ప్లేటు మీద నంబరు తప్ప ఇంకేం ఉండకూడదు, బొమ్మ కానీ పేరు కానీ దేవుడు కానీ ఏది ఉన్నా చలానా రాస్తారు, 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకైతే హై సెక్యూరిటీ ప్లేటే ఉండాలి, దాన్ని ముట్టుకోనే కూడదు. ట్యాంకు మీద బొమ్మకి ప్రత్యేకంగా సెక్షను లేదు. అయితే ఆపిన కానిస్టేబుల్‌ని సెక్షను అడిగి గెలిచేది ఏముంది, నువ్వు ఎవరో తెలీని వాడికి నీ గురించి ఆ బొమ్మే చెప్తా ఉంది, పాత కేసులున్న వాడేమో అని నీ లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అన్నీ తిరగేస్తాడు. సందులో ఆడపిల్ల ఒక్కతే నడిచిపోతుంటే వెనకనుంచి ఆ బొమ్మతో బండి వస్తే ఆ పిల్లకి ఎట్టుంటదో అది కూడా ఆలోచించు. పంజాబ్‌లో అయితే 2022 నవంబర్‌లో ఆయుధాలు బయట ప్రదర్శించటాన్ని, సోషల్ మీడియాలో చూపించుకోటాన్ని కూడా ప్రభుత్వం నిషేధించింది, ఆ మోజు అక్కడ ఎంత దూరం పోయిందో దాన్నిబట్టే తెలుస్తది. రేడియం వేయించుకోవాలని అంత ఇష్టం ఉంటే వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వేయించు, రాత్రిపూట హైవే మీద గ్రానైట్ లారీలోళ్ళకి నువ్వు కనపడతావు.

ప్రశ్న: నేను మాజీ సైనికుణ్ణి, లైసెన్సుతో డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. ఆ బొమ్మ జీపు మీద వేసుకుంటే ఒంటరి రోడ్డులో రక్షణగా ఉంటదని మా వాళ్ళు అంటున్నారు. మీరేమంటారు?
మార్కాపురం

జవాబు: వద్దన్నా. 2016 ఆయుధాల నియమాల్లోనే ఉంది, తుపాకిని బహిరంగ స్థలంలో తీసకపోవాలంటే కప్పుకునే తీసకపోవాలి, ఊపి చూపిస్తే లైసెన్సు పోతది. చట్టమే కప్పమంటుంటే మనం బొమ్మ వేసి చాటింపు వేసుకోవటం ఎందుకు? జీపు ఇంటి ముందు లేదంటే మీరు ఊళ్ళో లేరని, ఇంట్లో తుపాకి ఉందని ఒకేసారి తెలిసిపోద్ది. ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పమని కబురు వస్తది, తుపాకి అక్కడుంటే బొమ్మ మాత్రం ఊరంతా తిరుగుతా ఉంటది. రెన్యువల్ ఇప్పుడు ఐదేళ్ళకోసారి, అప్పుడు చుట్టుపక్కల వాళ్ళని విచారిస్తే బండి మీద తుపాకి వేసుకుని తిరుగుతాడన్న మాట మీకు పనికిరాదు. మిలటరీలో చేశారన్న గౌరవం మీ ఊళ్ళో అందరికీ ఉంటది, దానికి స్టిక్కరు అక్కర్లా. తుపాకిని మాత్రం గుళ్ళు తీసి తాళం వేసి, పిలకాయలకి అందని చోట పెట్టండి, గుళ్ళు ఇంకో చోట పెట్టండి.