పక్షవాతం వచ్చిన నాన్నను పొట్టి గుర్రాల దగ్గరికి పంపవచ్చా?

ప్రశ్న: మేం ఫ్లోరిడాలో ఉంటాం. మా నాన్నగారికి 76 ఏళ్లు, సొంతూరు తెనాలి. ఆరు నెలల క్రితం మెదడులో కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు రిహాబ్ కేంద్రంలో ఉన్నారు. షుగరు, కొద్దిగా ఉబ్బసం ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ అనే మందు వాడుతున్నారు. మనిషి బాగా ముభావంగా అయిపోయారు, వ్యాయామం అంటే మొహం తిప్పుకుంటున్నారు. పోయిన నెల వాలంటీర్లు రెండు పొట్టి గుర్రాలను తీసుకొస్తే మాత్రం చెయ్యి చాపి నిమిరారట. తెలుగులో ఏదో చాలాసేపు చెప్పారట. అందులో నర్సుకు గుర్తున్న మాట 'జట్కా' ఒక్కటే. వాళ్లు మళ్లీ వస్తున్నారు, మమ్మల్ని సంతకం పెట్టమంటున్నారు. గుర్రాన్ని ముట్టుకుంటే ధనుర్వాతం వస్తుందని అమ్మ భయం. ఒప్పుకోవచ్చా? దీనివల్ల జబ్బు తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, ఒర్లాండో

జవాబు: ఒప్పుకోండి. అయితే సంతకం పెట్టి ఊరుకోకుండా, ఆ రోజు మీరో మీ అమ్మగారో ఆయన పక్కన ఉండండి. ఆ కబుర్లు అక్కడి సిబ్బందికి అర్థం కావు. "స్టేషన్ నుంచి ఇంటికి జట్కాలోనే వచ్చేవారా నాన్నా? బండి ఎవరిది?" అని అడిగేవాళ్లు పక్కనుంటే ఆయన ఇంకాసేపు మాట్లాడతారు. నెలల తరబడి నోరు మెదపని మనిషికి ఆ కాసేపు చాలా విలువైనది.

మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. ధనుర్వాతం క్రిమి గుర్రాల పేగుల్లో ఉంటుంది, లద్దితో పాటు మట్టిలో చేరుతుంది. కానీ అది ఒంట్లోకి వెళ్లాలంటే గాయం ఉండాలి. చర్మం బాగున్నప్పుడు గుర్రాన్ని నిమిరినంత మాత్రాన రాదు. టెటనస్ బూస్టర్ పదేళ్లకోసారి వేయించుకోవాలి. నాన్నగారికి ఎప్పుడు వేశారో రికార్డు చూడమనండి, మీ అమ్మగారిది కూడా చూసుకోండి. చేతి మీద పుండ్లు, గీరుకుపోయిన చోట్లు ఉంటే కట్టు కట్టించండి. ముట్టుకునే ముందు, తర్వాత చేతులు కడిగించండి.

మన దగ్గర ఆ తరంవాళ్లను ఇంకో సంగతి కూడా అడగాలి. అప్పట్లో దెబ్బ తగిలితే ధనుర్వాతం రాకుండా ఏటీఎస్ అనే ఇంజెక్షన్ చేసేవారు. అది గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం. పాముకాటు మందు ఇప్పటికీ అలాగే తయారవుతోంది. అలాంటి ఇంజెక్షన్ పడక ఎప్పుడైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? పోయినసారి గుర్రాలు వెళ్లాక దగ్గు, పిల్లికూతలు వచ్చాయా? ఏది జరిగినా ముందు ఎలర్జీ డాక్టరుకు చూపించాకే ఒప్పుకోండి. అలాంటివేమీ లేకపోతే, ఇన్హేలర్ దగ్గర పెట్టుకుని గది లోపల కాకుండా వరండాలో కలవనివ్వండి.

ఇక జబ్బు తగ్గుతుందా అంటే, స్ట్రోక్ దెబ్బతీసిన మెదడును గుర్రం బాగుచేయలేదు. జంతువుల సాయంతో చేసే చికిత్స మీద ఇప్పటివరకు జరిగిన పరిశోధన కూడా తక్కువే. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల మీద జరిగిన 9 అధ్యయనాలను 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షించింది. దిగులు కాస్త తగ్గవచ్చని తేలింది, అది కూడా గట్టి ఆధారం కాదు. అయినా నేను వద్దనను. 2012లో అమెరికాలోని న్యూటౌన్ ఊళ్లో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక, మీ ఫ్లోరిడాకే చెందిన జెంటిల్ కరోసెల్ అనే స్వచ్ఛంద సంస్థ తన పొట్టి గుర్రాలను న్యూటౌన్ పిల్లల దగ్గరికి తీసుకెళ్లింది. అదీ చికిత్స కాదు, కానీ ఆ పిల్లలకు అప్పుడు అలాంటి తోడు అవసరమైంది.

మీ నాన్నగారి విషయంలో ఈ రాకను ఇంకా గట్టిగా వాడుకోవచ్చు. కుడి మెదడు దెబ్బతిన్న చాలామందికి ఎడమవైపు ఉన్నదేదీ ధ్యాసలోకి రాదు. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే వదిలేస్తారు. ఆయనకు ఈ ఇబ్బంది ఉందేమో, రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును అడగండి. ఉంటే గుర్రాన్ని మొదట కుడివైపు నుంచి తీసుకురావాలి. లేకపోతే ఉన్నట్టుండి పక్కన తల కనిపించి ఉలిక్కిపడతారు. ఆయన కుదురుకున్నాక మెల్లగా మధ్యకు, తర్వాత ఎడమవైపుకు జరిపిస్తే తల, చూపు దాని వెంటే తిరుగుతాయి. ఎడమ చేతిని థెరపిస్టు పట్టుకుని మెడ మీద నిమిరించవచ్చు. రబ్బరు బంతిని నొక్కమంటే మొహం తిప్పుకునే మనిషి దీనికి చెయ్యి చాపారని మీరే రాశారు. వీలైతే థెరపీ సమయాన్నే ఆ రోజు గుర్రాలు వచ్చే వేళకు మార్చమని అడగండి. ఈ గుర్రాల ఎత్తు భుజం దగ్గర సాధారణంగా 34 అంగుళాలు దాటదు కాబట్టి, వీల్ చైర్‌లో కూర్చున్న మనిషికి చెయ్యి పైకెత్తే శ్రమ ఉండదు.

గుర్రానికి సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదు, అందుకే మొహం మీదకు చెయ్యి పెట్టకుండా మెడ పక్కన నిమరాలి. తినిపించడం వద్దు. చెవులు వెనక్కి వాలిస్తే వెంటనే దూరం జరపమనండి. వీల్ చైర్ బ్రేకులు వేసి ఉండాలి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, కాబట్టి మూసి ఉండే బూట్లు తొడగండి. చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోయేలా చేసే అపిక్సబాన్ వాడుతున్నారు కదా. గాయమై రక్తం కారితే పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేకపోయినా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

గుర్రాలకు రేబిస్ సహా టీకాలు వేయించారా, వాలంటీర్లకు శిక్షణ, బీమా ఉన్నాయా అని కేంద్రంవాళ్లను అడగడానికి మొహమాటపడకండి. అంధులకు దారి చూపే గుర్రాలకు అమెరికా చట్టంలో కొన్ని హక్కులు ఉన్నాయి గానీ, ఇలా పలకరించడానికి వచ్చేవాటికి అవి వర్తించవు. ఎప్పుడు వద్దన్నా వాళ్లు ఆగాల్సిందే. నాన్నగారిని హాస్పిటల్లో చేర్చాల్సి వస్తే అక్కడికి రానివ్వకపోవచ్చు. హాస్పిటళ్లలో ఇలాంటి పలకరింపులకు కుక్కలను మాత్రమే అనుమతించాలని అమెరికాలో ఇన్ఫెక్షన్ల నిపుణుల సంఘం 2015లోనే సూచించింది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ముభావం. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. "ఈ వయసులో, ఈ స్థితిలో దిగులు ఉండదా" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అది మందులతో, కౌన్సెలింగ్‌తో తగ్గే జబ్బు. వ్యాయామం మానేయడానికి కూడా అదే కారణం కావచ్చు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు అపిక్సబాన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందుకే మందు ఎంచే ముందు డాక్టరుకు ఆ సంగతి గుర్తు చేయండి. డిప్రెషన్ ఉందేమో తేల్చే పరీక్ష ఈ వారంలోనే చేయించండి, గుర్రాలు వచ్చేదాకా ఆగకండి.